గోడ మీది స్టీలు పళ్ళెం

మా పక్క క్వార్టర్లో ఉండే అవ్వ పోయిన సోమవారం పొద్దున చనిపోయింది. ఫస్ట్ షిఫ్టుకు బయల్దేరుతూ కొడుకు "అమ్మా, పోయొస్త" అని పిలిచాడట. పలకలేదట. ఈ అయిదు రోజులూ వాళ్ళింటికి, మా ఇంటికి నీళ్ళు మోస్తూ, గిన్నెలు తోముతూ, వచ్చినవాళ్ళకు చాపలు పరుస్తూ గడిచిపోయాయి. భుజాలు గుంజుతున్నాయి. ఇవాళ కాస్త కూర్చోగలిగాను కాబట్టి ఆమె గురించి మీకు రాస్తున్నాను.

మా గోదావరిఖనిలో పొద్దున ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి తెల్లగా ఉండదు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీలు గలగలమంటాయి. కాసేపటికి కాలనీ మీద బొగ్గు దుమ్ము దిగుతుంది. ఇలాంటి చోట అవ్వ పట్టుచీరలను కాపాడేది. పెళ్ళికో పండుగకో కట్టి విడిచిన చీరలను మా క్వార్టర్ల లైను ఆడవాళ్ళు ఆమెకే తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. "అవ్వ చేతిల వెడ్తె ఫికర్ లేదు" అని నల్లా దగ్గర ఎవరైనా అంటే ఆ పూటంతా హుషారుగా ఉండేది.

చీర పొడిగా ఉండగానే మెత్తబడిన పాత పంచె ముక్కతో దులిపేది. కుంకుడు రసం చల్లారాక, అంచు రంగు చీర ఒంటికి అంటకుండా అంచును విడిగా ముంచేది. పిండేది కాదు, తువ్వాలులో చుట్టి ఒత్తేది. పక్కన కూర్చుని చూస్తుంటే చెప్పేది.

"ముందుగాల దులుపాలె బిడ్డ. తడి చెయ్యి తాకిందా, బొగ్గు ఇల్లరికమొచ్చిన అల్లుడు లెక్క. ఇగ కదలదు."

చీర తిరిగి ఇచ్చాక కూడా వదిలేది కాదు. రెండు మూడు నెలలకోసారి గుమ్మంలోంచే అడిగేది. "మడత మార్చినవా? ఒక్క తీరుగనే వెడ్తె జరీ ఆడ్నే ఇరుగుతది."

ఆమె ఇంటి వెనక గోడ మీద ఒక స్టీలు పళ్ళెం ఎప్పుడూ బోర్లించి ఉండేది. పొద్దున లేవగానే దాన్ని తుడిచేది. మధ్యాహ్నం చీర ఆరేసే ముందు దాని మీద వేలితో ఒక గీత గీసి, వేలు చూసుకునేది. వేలికి నలుపు అంటితే ఆ పూట చీర గది దాటేది కాదు.

రాష్ట్రం ఇస్తరా ఇయ్యరా అని అందరూ టీవీల ముందు కూర్చున్న రోజుల్లో మా అక్క పెళ్ళి కుదిరింది. అమ్మ తన పెళ్ళినాటి మెరూన్ చీరను అక్కకు కట్టించాలనుకుంది. ఆమెకున్న పట్టుచీర అదొక్కటే. పెళ్ళికి పది రోజుల ముందు దాన్ని అవ్వకు ఇచ్చింది. అవ్వకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువగా ఉన్నాయని నేను సాయం వెళ్ళాను. అవ్వ ఆ చీర ఉతికేలోపు ఇంట్లో గిన్నెలన్నీ తోమేశాను. గోడ మీది పళ్ళెం దుమ్ము పట్టి ఉంటే, అదెందుకుందో అప్పటికి తెలియక దాన్ని కూడా తళతళా తోమి, మళ్ళీ అక్కడే బోర్లించాను.

లోపలి నుంచి అవ్వ అడిగింది. "బిడ్డా, పళ్ళెం జూడు, ఎట్లున్నది?"

"అద్దం లెక్కున్నదవ్వా!"

"అయితె ఎనక దండెం మీద ఎయ్యి."

గంట తర్వాత వెళ్ళి చూస్తే తడి చీర మీద నల్లటి నుసి. భయంతో అరచేత్తో తుడిచాను. నుసి మరకైంది. అవ్వ కుంటుకుంటూ వచ్చి చీరను చూసింది, పళ్ళేన్ని చూసింది. "దాన్ని గూడ తోమినవా?" అని మాత్రం అడిగింది.

రెండు రోజులు కుంకుడు రసంతో వెనకవైపు నుంచి అద్దుతూనే ఉంది. అరచేయంత నీడ మిగిలిపోయింది.

"ఏందత్తా గీ మరక?" అంది అమ్మ. అవ్వను వరస కలిపి అలాగే పిలిచేది.

"నేనే జూస్కోలె బిడ్డ. కండ్లు మసకలయినయ్. కుచ్చిళ్ళ లోపలికి వోయెటట్టు కట్టు, కనవడది."

నేను నోరు తెరవబోతే నా మణికట్టు గట్టిగా నొక్కింది. అమ్మ వెళ్ళాక అంది. "నన్నయితె రెండు మాటలంటది. నిన్నయితె పదేండ్లు అంటది. పరీక్షలున్నయి గద, సదువుకో పో."

పెళ్ళి బాగానే జరిగింది. కానీ అవ్వకు చూపు ఆనడం లేదట అన్న మాట లైనంతా తిరిగింది. ఒకరోజు నల్లా దగ్గర ఒకామె మొహమాటంగా అంది. "అవ్వా, ఈపారి నా చీర మంచిర్యాలల డ్రైక్లీనింగుకిచ్చిన. ఏమనుకోకు."

"మంచిదాయె. జెర కాళ్ళు సాపుకుంట," అని అవ్వ నవ్వింది. తర్వాత ఒక్కొక్కరే మానేశారు. ఆమె మాత్రం రోజూ పొద్దున పళ్ళెం తుడుస్తూనే ఉంది, మధ్యాహ్నం గీత గీస్తూనే ఉంది. దండెం ఖాళీగా ఉండేది. పరీక్షలయ్యాక చెబుదామనుకున్నాను. ఫలితాలొచ్చాక అనుకున్నాను. రెండేళ్ళు గడిచాయి.

నిన్న సాయంత్రం అమ్మ బీరువా సర్దుతుంటే చెప్పేశాను. అమ్మ చేతిలోని బట్టలు కింద పెట్టింది.

"ముసలిదాన్ని గుడ్డిదాన్ని జేస్తిమి గదనే," అంది.

తర్వాత ఆ చీరను బయటికి తీసి మంచం మీద పరిచింది. మరక ఎప్పుడూ అన్నిటికంటే లోపలి మడతలో ఉండేది. ఈసారి పైకి వచ్చేటట్టు మడిచింది.

"మడత మార్చాలె గద," అంది. "రేపు నల్లా కాడ నువ్వే చెప్పు. అందరున్నప్పుడే చెప్పు."

ఇవాళ పొద్దున చెప్పాను. బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఇంటికొస్తూ అవ్వ ఇంటి వెనక గోడ దగ్గర ఆగాను. పళ్ళెం అక్కడే ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఆమె గీసిన గీత ఇంకా కనిపిస్తోంది. సోమవారం పొద్దున తుడిచే చెయ్యి లేదు. దుమ్ము రోజుకింత పడుతూ ఆ గీతను పూడుస్తోంది. నేను ముట్టుకోలేదు.