ముదురు పాకం

పొయ్యి మీద పాకం ఉన్నంతసేపు సీతామహాలక్ష్మి ఎవరితోనూ మాట్లాడదు. మధురానగర్‌లో వాళ్ళుండే బిల్డింగులో ఈ సంగతి అందరికీ తెలుసు. తలుపు గంట మోగినా, ఫోను మోగినా కదలదు. గరిటె చివర నుంచి జారిన చుక్కని రెండు వేళ్ళ మధ్య సాగదీసి, తీగ చూసి, చటుక్కున పొయ్యి కట్టేస్తుంది. ఆ తర్వాతే లోకం.

ఆవిడ పుట్టింది మండపేటలో, మిఠాయి కొట్టు వాళ్ళింట్లో. ఆడపిల్లని కొట్లో కూర్చోనిచ్చేవారు కాదు గానీ, వెనక వసారాలో కట్టెల పొయ్యి దగ్గర ఉంటే ఎవరూ లెమ్మనేవారు కాదు. పదేళ్ళు నిండేసరికి లేత పాకానికీ తీగ పాకానికీ, ఉండ పాకానికీ ముదురు పాకానికీ తేడా వాసనతోనే చెప్పేది. పెళ్ళయి హైదరాబాదు వచ్చింది. భర్త వరప్రసాద్ ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్లో సౌండ్ అసిస్టెంటు. ఆయన ఆఫీసులో ఎవరిదో సినిమా ముహూర్తానికి ఒకసారి కాజాలు చేసి పంపింది. ఆ రుచి నోటికి నోటికి పాకి, ఇరవై ఏళ్ళుగా ఫిల్మ్‌నగర్‌లో ఏ ఆఫీసులో కొబ్బరికాయ కొట్టినా సీతామహాలక్ష్మి గారి మిఠాయి ఉండాల్సిందే అన్నంత వరకూ వచ్చింది. శనివారం పొద్దున మాత్రం ఆర్డర్లు పట్టదు. ఆ రోజు గుడికి చలిమిడి చేసి పంపుతుంది. అది ఆవిడ సొంత మొక్కు.

పిల్లలు లేరు. చెల్లెలి కూతురు గీతిక ఇంటర్ చదవడానికి వచ్చి ఆరేళ్ళు వాళ్ళింట్లోనే ఉంది. పాకం పడుతున్నప్పుడు పక్కన పీట వేసుకుని కూర్చోవడానికి అనుమతి ఉన్నది ఆ పిల్లకొక్కదానికే. ఫుడ్ టెక్నాలజీ చదివింది, రెండేళ్ళు బెంగళూరులో ఉద్యోగం చేసింది, తిరిగొచ్చి జూబ్లీహిల్స్‌లో చేరింది.

"ఏం కంపెనీయే?" అని అడిగితే, "పెద్ద బేకరీ పెద్దమ్మా" అంది.

ఒక ఆదివారం భోజనాలయ్యాక గీతిక మాట కదిపింది.

"పెద్దమ్మా, మా కేకుల్లోకి పాకం కావాలి. నల్లగా ఉండాలి. మాడీ మాడనట్టు, ఆ అంచు మీద ఆగాలి. ఏలకులు వద్దు, నెయ్యి వద్దు."

"అలాంటిది తింటారా జనం?"

"నువ్వు చేసి చూడు."

సీతామహాలక్ష్మికి పంతం పట్టుకుంది. పంచదార పలుకు కట్టకుండా నిమ్మరసం పిండింది. మంట తగ్గించి, పెంచి, మళ్ళీ తగ్గించి, పొగ లేచే క్షణం ముందు వేడినీళ్ళు చల్లి ఆపింది. నాలుగుసార్లు పారబోసింది. ఐదోసారి గీతిక చెంచాతో తీసుకుని వాసన చూసి కళ్ళు మూసుకుంది. "ఎండు ఖర్జూరం, కాల్చిన అరటిపండు... పెద్దమ్మా, ఇది ఎక్కడా దొరకదు!" అని వాటేసుకుంది.

అప్పటి నుంచి పదిహేను రోజులకొకసారి, మంగళవారం నాడు, రెండు స్టీలు క్యాన్ల పాకం. వరప్రసాద్ స్కూటరు మీద పట్టుకెళ్ళేవాడు. రిటైరయ్యాక ఇంట్లో తోచక విసుక్కునే మనిషి, మంగళవారం వస్తే మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. ఆవిడ అది చూసి సంతోషపడింది కూడా.

గీతిక వచ్చిన ప్రతిసారీ ఒకటే అడిగేది. "తీపి సరిపోయిందా? తినేవాళ్ళు ఏమంటున్నారు?"

"అదిరిపోయిందంటున్నారు."

"తీపి సంగతి అడుగుతున్నానే."

గీతిక ఫోను చూసుకునేది, లేదా మంచినీళ్ళకి లేచేది. ఒకసారి పోరగా పోరగా ఒక డబ్బాలో కేకు తెచ్చింది. సీతామహాలక్ష్మి ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. "ఇందులో నా పాకం ఏదే?" అంది. "కలిసిపోయింది పెద్దమ్మా" అంది గీతిక. వరప్రసాద్ టీవీ సౌండు పెంచాడు.

అలా పద్నాలుగు నెలలు గడిచాయి.

ఆ రోజు ఫిల్మ్‌నగర్‌లో ఒక కొత్త సినిమా ముహూర్తం. వరప్రసాద్‌కి జ్వరం రావడంతో కాజాల బుట్టలు తనే ఆటోలో వేసుకుని వెళ్ళింది. ఆఫీసు గుమ్మంలో బుట్టలు దించుతుంటే, వెనక నుంచి వచ్చిన బాబీ అనే అసిస్టెంటు డైరెక్టరు ఆవిడ ముడి, నేత చీర చూసి ఆగిపోయాడు.

"మేడం, ఒక్క నిమిషం. మీరు పెద్దమ్మ కదండీ?"

"ఎవరి పెద్దమ్మ బాబూ?"

"అదేనండీ, 'పెద్దమ్మ పాకం'!" అని నవ్వుతూ ఫోను తీసి చూపించాడు. నల్లటి గోడ మీద బోర్డు. దాని మీద, పొయ్యి ముందు గరిటె పట్టుకుని నిలబడ్డ ఒక ఆడమనిషి, వెనక నుంచి తీసిన ఫోటో. తన ముడి, తన నేత చీర, అంచు సొట్టపోయిన తన ఇత్తడి కళాయి. కింద పెద్ద అక్షరాలతో 'పెద్దమ్మ పాకం', దాని కింద 'డార్క్ బీర్'. "మా డైరెక్టర్ గారు జూబ్లీహిల్స్‌లో ఆ పబ్బుకెళ్తే ఇది తప్ప ఇంకోటి ముట్టరండీ. మీరు అక్కడ ఎప్పుడూ కనపడలేదేంటండీ, ఆ ఫోటో మీదే కదా?"

సీతామహాలక్ష్మి ఆ చోటు ఎక్కడో అడిగింది. బాబీ చెప్పాడు. కొబ్బరికాయ కొట్టకముందే ఆవిడ మళ్ళీ ఆటో ఎక్కింది.

పదకొండు గంటలకి ఆ చోటు ఇంకా తెరవలేదు. వాచ్‌మన్ వద్దంటున్నా లోపలికి నడిచింది. అద్దాల గోడ వెనక మనిషిని మించిన ఎత్తున స్టీలు ట్యాంకులు వరసగా ఉన్నాయి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, పైపుతో నేల కడుగుతూ గీతిక. పెద్దమ్మని చూసి పైపు కింద పడేసింది.

"ఇదా బేకరీ?"

గీతిక వెళ్ళి నీళ్ళు కట్టేసి వచ్చింది.

"బీరులో పంచదార ఎందుకే? చెప్పు. నీ పని నువ్వు చెప్పు. వింటాను."

గీతిక చెప్పింది. మొదట తడబడింది గానీ, పని గురించి కాబట్టి మాట దానంతటదే సాగింది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నుంచి వచ్చే తీపినే ఈస్టు తిని మత్తుగా మారుస్తుందట. బలమైన బీరు కావాలని అంతా బార్లీయే వేస్తే చిక్కగా, జావలా తయారై కడుపులో బరువుగా ఉంటుందట. అందుకే కొంత బార్లీ తగ్గించి, కాచేటప్పుడు పాకం పోస్తారట. అప్పుడు బలం తగ్గదు, నోటికి తేలిగ్గా ఉంటుంది.

"మరి తీపో?"

"మిగలదు పెద్దమ్మా. పంచదారని ఈస్టు పూర్తిగా తినేస్తుంది. రంగు, ఆ మాడు వాసన, అవే ఉంటాయి. తియ్యదనం అసలు ఉండదు."

సీతామహాలక్ష్మి కాసేపు ట్యాంకుల వంక చూసింది.

"పద్నాలుగు నెలలు అడిగానే నిన్ను, తీపి సరిపోయిందా అని. ఎర్రిదానిలా అడిగాను. నువ్వు మంచినీళ్ళకి లేచావు."

"చెబుదామనే అనుకున్నాను. నువ్వు గుడికి చేసే కళాయిలోనే కదా ఇదీ... ఒప్పుకోవని భయమేసింది."

"ఆ సంగతి నీకు తెలుసన్నమాట. తెలిసీ మాట్లాడకుండా ఊరుకున్నావు." గొంతు పెంచలేదు. "బోర్డు మీద ఆ బొమ్మ ఎవరు తీశారు?"

గీతిక తల దించుకుంది. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి తీసిన బొమ్మ అది. ఆ చీర మొదటిసారి కట్టిన వారం గీతిక ఊళ్ళో లేదు. ఇంట్లో ఇంకొక మనిషే ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి వరప్రసాద్ దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. గీతిక అప్పటికే ఫోను చేసినట్టుంది.

"నువ్వు ఒప్పుకోవనుకున్నాం లక్ష్మీ. పిల్ల ఉద్యోగం కదా అని..."

"అనుకున్నారు. అడిగారా?"

ఆయన దుప్పటి అంచు సర్దుకున్నాడు.

"మంగళవారాలు అక్కడ తాగేవారా?"

"ఒక్క గ్లాసు. వాళ్ళే ఇచ్చేవారు."

"ఎలా ఉంది?"

"బాగుంది" అన్నాడాయన.

ముప్పై నాలుగేళ్ళ కాపురంలో తను చేసింది బాగుందని ఆయన తనంతట తాను అన్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ మాట ఇప్పుడు ఇలా వచ్చింది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి స్టవ్ పక్కన నేల మీదే కూర్చుండిపోయింది.

మర్నాడు పనికి సాయమొచ్చే కొమురమ్మ సింకు కింద బోర్లించిన కళాయి చూసి సంగతంతా అడిగి తెలుసుకుంది. కొమురమ్మది రహమత్ నగర్.

"గింతేనా అక్కా? మేం అమ్మవారికి కల్లు సాక పోస్తం. దేవునికి లేని పట్టింపు నీకేంది? నీ గిన్నెకేం గాలే, జర మంచిగ తోమిస్త, ఫికర్ జెయ్యకు."

"గిన్నె గురించి కాదే కొమురమ్మా."

"మరి?"

"నన్నొక్కదాన్నే వదిలేసి ఇంటిల్లిపాదీ తెలుసుకున్నారు. నా చేత్తో చేసింది ఏమవుతుందో నాకు తప్ప అందరికీ తెలుసు."

కొమురమ్మ గిన్నె కింద పెట్టి, ఆవిడ పక్కనే కూర్చుంది. "గది తప్పే" అంది.

ఆవిడ అడిగితే అక్కడ బోర్డు తీసేశారు. పాకం ఆగింది. గీతిక తనే పట్టాలని చూసింది. పలుకు కట్టిన గడ్డల ఫోటోలు, మాడి బొగ్గయిన గిన్నెల ఫోటోలు పెద్దమ్మకి పంపింది, ఎక్కడ తప్పుతోందో చెప్పమంది. సీతామహాలక్ష్మి ప్రతి ఫోటోనీ పెద్దది చేసి చూసింది. తప్పు ఎక్కడో చూడగానే తెలిసింది. నిమ్మరసం ఆలస్యంగా వేస్తోంది. చెప్పలేదు. చెప్పకపోవడం ఎంత కష్టమో ఆ రోజుల్లోనే ఆవిడకి తెలిసింది.

రెండు నెలల తర్వాత కమలాకర్ అనే మనిషి ఇంటికొచ్చాడు. బంజారాహిల్స్‌లో బీరు కాచే ఇంకో చోట పెద్ద పనివాడు. చెప్పులు బయటే విడిచి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"అమ్మా, నేను బీరు జేస్తా. మీ పాకం గురించి విన్న. నాక్గావాలె, గని గది బీరుల వోతది. మీకు ఇష్టం లేకుంటే లేదని చెప్పుండ్రి, నేనేం అనుకోను."

ఆవిడ నాలుగు రోజులు గడువు అడిగింది. ఐదో రోజు కొత్త కళాయి కొనుక్కొచ్చి, సరేనని కబురు పంపింది. ఎక్కడా తన పేరు గానీ బొమ్మ గానీ ఉండకూడదంది. కాచే రోజు వచ్చి చూస్తానంది. "రాండ్రి, తప్పకుంట" అన్నాడతను.

"గీతికకి తెలిస్తే ఏమనుకుంటుంది?" అన్నాడు వరప్రసాద్.

"తెలియనివ్వండి. నేనేం దాచడం లేదుగా."

తెలిసింది. ఆదివారం వచ్చింది గీతిక. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మాకు మానేసి వాళ్ళకి చేస్తావా పెద్దమ్మా? గుడి, మడి అని నేను భయపడి చచ్చాను. బీరుకని తెలిసీ చేస్తున్నావు. ఇది నాకు ద్రోహం కాదా?"

"వాళ్ళు అడిగారే."

"నేనడిగినా చేసేదానివా?"

సీతామహాలక్ష్మి నిజం చెప్పడానికి కొంచెంసేపు ఆలోచించింది. "తెలీదు. రెండు రోజులు తిట్టేదాన్నేమో. ఆ మీదట చేసేదాన్నేమో. అది నేను తేల్చుకోవలసింది. మీరిద్దరూ కూర్చుని తేల్చేశారు."

గీతిక వెళ్ళిపోతుంటే ఆపి అన్నం తినమంది. తింది. ఇద్దరి మధ్యా చారు, అప్పడాలు నడిచాయి గానీ మాట నడవలేదు. చేతులు కడుక్కుంటూ గీతిక పాకంలో తప్పెక్కడో మళ్ళీ అడిగింది. సీతామహాలక్ష్మి తువ్వాలు అందించింది. ఆ ఒక్కటీ ఇప్పటికీ చెప్పలేదు.