నాచు మీద రబ్బరు కప్ప

నవంబరు, రెండో శుక్రవారం, సాయంత్రం. సౌదీలో హుఫూఫ్ ఊరి శివార్లలో ఒక ఖర్జూరపు తోట. ఉన్నవారు: నేను, మా అల్లుడు, తోట చూసుకునే జగిత్యాల మనిషి. తోట యజమాని లేడు. కాని మేం మాట్లాడుకున్నదంతా ఆయన గురించే.

ఆ రోజు డైరీ ఇలాగే మొదలవుతుంది. గోదావరి కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా తిరిగిన రోజుల్లో పడిన అలవాటు: ముందు తేదీ, తర్వాత హాజరు, ఆ పైన సంగతి. రిటైరయ్యాక విజిట్ వీసా మీద అమ్మాయి దగ్గరికి వచ్చినా అది పోలేదు.

సంగతి ఇది. తోట మధ్యలో నీళ్లు నిలవచేసే గుంట ఒకటి ఉంది. కొన్నేళ్ల కిందట యజమాని ముచ్చటపడి అందులో పండుగప్ప చేపపిల్లలు వేయించాడు. తర్వాత చెట్లకు డ్రిప్పు పైపులు వచ్చాయి. గుంటను పట్టించుకునేవాళ్లు లేక నాచు కమ్మేసింది, గట్టు చుట్టూ రెల్లు పెరిగింది. చేపలు ఎప్పుడో చచ్చాయని యజమాని నమ్మకం. ఉన్నాయని మా జగిత్యాల మనిషి పట్టు. ఉంటే ఒకటి చూపించు, లేకపోతే శనివారం పొద్దున షేవల్ తెచ్చి పూడ్పించేస్తానన్నాడట యజమాని. మట్టి తోసే యంత్రాన్ని ఇక్కడ అలాగే అంటారు.

“గుంట పోతే ఈడ నాకేం పని సారూ? చెట్లకు పైపులే నీళ్లు పెడుతున్నయ్. ఖురూజ్ కొట్టి ఇంటికి తోలుతడు. బిడ్డ నర్సింగు చదువు ఇంకా సగంల ఉన్నది” అన్నాడు. ఖురూజ్ అంటే మళ్లీ రాకుండా పంపెయ్యడం.

వల వేస్తే నాచుకు చుట్టుకుంది. వానపాము గుచ్చి గాలం వేస్తే ప్రతిసారీ గడ్డే వచ్చింది. ఇక మిగిలిన దారి నీటిపైనే. మా అల్లుడు దమ్మాంలో కొన్న ఉత్తుత్తి ఎరల పెట్టె తెరిచాడు. నేను ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశాను. మొదటిది మూతి గుంటగా ఉన్న కొయ్య చేప. లాగితే బుడుంగుమంటుంది. చప్పుడు బాగుందిగాని, కడుపు కింద వేలాడే మూడుముళ్ల గాలాలు రెండు మూరలు రాకముందే నాచు పోగేశాయి. రెండోది చుట్టలా సన్నగా ఉంది. నాచు లేని తెరిపి నీళ్లలో అటూ ఇటూ తల తిప్పుకుంటూ అందంగా నడుస్తుంది, కాని ఇక్కడ తెరిపి ఏదీ? మూడోది రబ్బరు కప్ప. దాని గాలం ముళ్లు వీపుకు ఆనుకుని ఉంటాయి, కనక నాచు మీద జారిపోతుంది. చేప నోట్లో నొక్కినప్పుడే ముళ్లు బయటపడతాయి.

“మావయ్యగారూ, తెల్లది కట్టమంటారా, నల్లదా?”

“నల్లదే కట్టు బాబూ. చేప కింద నుంచి ఆకాశంకేసి చూస్తుంది. పొద్దువాలే వేళ దానికి నీడే కదా కనపడేది.”

జగిత్యాల మనిషి నవ్వాడు. “మా చెరువుల కొర్రమట్టకు బతికిన కప్పనే గుచ్చుతం సారూ. ఇది చూస్తే దానికి నవ్వొస్తది.”

నవ్వలేదు. కప్ప నాచు దాటి, చాపంత తెరిపిలో ఆగగానే నీళ్లు పగిలాయి. గాలపు కర్ర జగిత్యాల మనిషి చేతిలోనే ఉంది. అతను లాగలేదు సరిగదా, దారం వదులు చేశాడు.

“లాగవయ్యా!” అన్నాను.

“ఆగుండ్రి సారూ, మింగనియ్యాలె.”

కొర్రమట్టకు అది సరైన పద్ధతే. నిజమైన కప్పను అది తీరిగ్గా మింగుతుంది. పండుగప్పకు అంత ఓపిక లేదు. రబ్బరని తెలియగానే ఉమ్మేసింది. తర్వాత మా అల్లుడు వేశాడు. నీళ్లు ఎగిరిన క్షణంలోనే లాగాడు, కప్ప ఎగిరి అతని చెవి పక్కనుంచి పోయింది.

“అన్నా, నువ్వు చేపకోసం లాగినవా, నీ చెవికోసమా?” అన్నాడు జగిత్యాల మనిషి.

రెండింటికీ నడుమ ఏదో ఉంది. చప్పుడుకు కాదు, బరువుకు లాగాలి. కంటికి కనపడినదాన్ని కాసేపు నమ్మకుండా, చేతికి తెలిసేదాకా ఉండాలి. మనుషుల విషయంలోనూ నాకు ఇది చాలా ఆలస్యంగా పట్టుబడింది. జగిత్యాల మనిషికి ఆ సాయంత్రమే పట్టుబడింది. పొద్దు ఖర్జూరపు మట్టల కిందికి దిగుతుండగా దారం బిగిసింది, అతను కర్ర గుంజాడు. మోకాటిలోతు నాచులోకి దిగి, గడ్డితో సహా చేపను చంకన పెట్టుకుని వచ్చాడు. మూరకు పైనే ఉంది. తొట్టి నిండా నీళ్లు పోసి అందులో వదిలాం.

“పొద్దుగాల కఫీల్ మొకం చూడాలె సారూ” అన్నాడు. కఫీల్ అంటే యజమానే. మేం ఇంటికి వచ్చేశాం.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి షేవల్ గట్టు మీద గుర్రుమంటోంది. యజమాని పికప్ పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన ముందు బకెట్టు, బకెట్టులో చచ్చిన చేప. తొట్టిలోంచి ఎగిరి పడుతోందని, పిల్లి భయానికి జగిత్యాల మనిషి దాన్ని రాత్రే బకెట్టులోకి మార్చి, జానెడు నీళ్లు పోసి మూత పెట్టాడట. కొర్రమట్ట అయితే అలా రాత్రంతా బతుకుతుంది, పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. జగిత్యాల చేతులు జగిత్యాల పద్ధతే చేశాయి.

“సూకుల కొన్నవంటున్నడు సారూ” అన్నాడు నాతో. బజారుచేప అంటున్నాడని.

మా అల్లుడు కారులోంచి కర్ర తెచ్చి అతని చేతిలో పెట్టాడు. యజమాని చేయి పైకెత్తితే షేవల్ ఆగింది. కప్ప వెళ్లి రెల్లు మొదట్లో పడింది. నాచు మీద చిన్నగా కదిలింది, తెరిపి అంచున ఆగింది. నేను యజమాని ముఖమే చూస్తున్నాను, అందుకే నీళ్లు పగలడం నాకు ముందు ఆయన కళ్లలో కనపడింది. జగిత్యాల మనిషి ఎంత కంగారుపడ్డాడంటే, బరువు తెలియకముందే లాగేశాడు. కప్ప గాల్లోకి లేచి వచ్చి యజమాని చెప్పుల దగ్గర పడింది.

గుంటలో నాచు ఇంకా ఊగుతోంది.

యజమాని వంగి కప్పను తీసుకున్నాడు. బొటనవేలితో నొక్కితే పొట్టలోంచి నీళ్లు చిమ్మి ఆయన తెల్ల అంగీ మీద పడ్డాయి. నవ్వాడు. షేవల్ డ్రైవరుకు తోట బాట చూపించి, దాన్ని చదును చెయ్యమన్నాడు. జగిత్యాల మనిషికి గుంట చూపించి ఏదో గట్టిగానే చెప్పాడు.

“ఏమంటాడయ్యా?”

“గుంటల గడ్డి అంత నన్నే పీకమంటున్నడు సారూ, చేతులతోని” అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

యజమాని దారం తెంపి, మా అల్లుడి కప్పను జేబులో వేసుకుని పికప్ ఎక్కాడు.