పొంగిన ఉక్కు

ఉక్కును పాలలా పొంగించిన మహానుభావుణ్ణి నేనొక్కడినే అయ్యుంటాను. నవ్వండి, పర్వాలేదు. అసలు కొంప మునిగింది ఆ తర్వాత.

సింగపూర్‌లో మనవాళ్ళంతా సాఫ్ట్‌వేర్ మోజులో పడి లేస్తే జావా, పడుకుంటే జావా అంటున్న రోజులవి. కరిగిన ఉక్కులో నత్రజని ఎంత ఇముడుతుందా అని యూనివర్సిటీ ల్యాబులో తంటాలు పడుతున్న తెలుగువాళ్ళం ఇద్దరమే, నేనూ, కాకినాడ హైమా. చివరికి హైమ కూడా జావా నేర్చేసుకుని మెల్‌బోర్న్‌లో ఉద్యోగం సంపాదించింది. ఆఖరి నమూనా ఒక్కటి పోతపోసేస్తే ఎల్లుండి విమానం ఎక్కేస్తుంది. వెళ్ళొద్దని చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. నోరు పెగిలితేగా!

కరిగిన ఉక్కులో క్రోమియం, మాంగనీస్ వేస్తే నత్రజని ఇంకా ఇముడుతుంది. సిలికాన్ వేస్తే ఉన్నది కూడా బయటికి తన్నుకొస్తుంది. హైమ చేరిన మొదటిరోజే ఈ పాఠం బోర్డు మీద బొమ్మలేసి మరీ చెప్పింది ఎవరనుకున్నారు? నేనే.

ఆ రోజు కొలిమి వెలుగు ఆమె మొహం మీద పడుతోంది.

"ఊఁ, మాంగనీస్ వెయ్యి" అంది.

వేశాను. ఏది వేస్తున్నానో చూసుకుంటేగా! మూసలో ఉక్కు కుతకుతమని, బుసబుసా పొంగి, అంచు దాటి కొలిమిలోకి కారిపోయింది.

"ఏం వేశావ్?"

"మాంగనీసే..." అంటూ చేతిలో డబ్బా చూసుకున్నాను. సిలికాన్!

టెక్నీషియన్ లిమ్ అంకుల్ పరుగెత్తుకొచ్చి కరెంటు ఆపేసి, "ఐయో! వై లైక్ దట్ లా!" అని తల పట్టుకున్నాడు. హైమ మాత్రం పకపకా నవ్వింది. "మా గృహప్రవేశానికి పాలు కూడా ఇంత బాగా పొంగలేదు!"

కొలిమి బాగుచేసి మళ్ళీ పోతపోసేసరికి వారం పట్టింది. ఆమె టికెట్ వెనక్కి జరిపింది. ఆ వారమంతా హాకర్ సెంటర్‌లో కలిసే తిన్నాం. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, సింగపూర్ వాళ్ళ పద్ధతిలో నాకు సీటు 'చోప్' చేసి, అంటే ఆపిపెట్టి, ఎదురుచూసేది. ఇప్పటికీ ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ కనబడితే నా అడుగు ముందుకు పడదు.

చివరిరోజు టీ కలుపుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"నిజం చెప్పు. సిలికాన్ వేస్తే ఏమవుద్దో నాకు నేర్పిందే నువ్వు. కావాలనే వేశావు కదూ, నన్ను ఆపడానికి?"

ఆ ప్రశ్నకి గంగిరెద్దయినా తలూపేది. నేను లేచి నిలబడ్డాను.

"ఛఛ! అమ్మతోడు, పొరపాటున వేశాను! రెండు డబ్బాలూ ఒకేలా ఉన్నాయి. నీ పని చెడగొట్టేంత నీచుణ్ణా నేను?"

హైమ చెంచా పక్కన పెట్టేసింది.

"అవునా" అంది. టీ సగంలోనే వదిలేసింది. "సరే, వస్తా మరి. సామాను సర్దుకోవాలి."

ఆమె ఏమడిగిందో నా బుర్రకెక్కేసరికి విమానం మెల్‌బోర్న్‌లో దిగిపోయింది. అప్పట్నుంచీ ఆమె లేని లోటు నాకు తీరలేదు.

అందుకని కొలిమి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట హైమ నన్ను "కావాలనే వేశావు కదూ" అని అడిగితే, లేచి నిలబడను, అమ్మ మీద ఒట్టు పెట్టను, బుద్ధిగా అవునంటాను.

అడగమనండి.