ఇరవై ఒకటి నిండేదాకా

మస్కట్‌కు రెండు గంటల దూరంలోని నిజ్వాలో మా నాయన లెక్కలు చెప్పే కాలేజీ ముందు సాయంత్రం పూట నిలబడి, ఆగివున్న కార్లను చూస్తే చాలు, ఏ పిల్లవాడికి ఎంత దూకుడో తెలిసిపోయేది. ఒకదానికి బంపరు ఊడి ఉండేది, ఇంకోదానికి తలుపు చొట్టపోయి ఉండేది. నడిపేవాళ్ళకు పద్దెనిమిదో పందొమ్మిదో. టర్ముకొకడైనా చేతికి పిండికట్టుతో క్లాసుకు వచ్చేవాడట. నాయన ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పినప్పుడల్లా నావైపే చూసేవాడు. నాకు ఒళ్ళు మండేది. తొంభైల మొదట్లో, నేను అక్కడికి వెళ్ళిన చలికాలానికి, నాకూ పందొమ్మిదే.

అయితే అది ఇంట్లో వయసు. పాస్‌పోర్టులో నాకు ఇరవై ఒకటి.

ఆ రెండేళ్ళు నాయనే కలిపాడు. కడప జిల్లాలో ఒక పల్లెలో ఆయన ఒక్కడే టీచరుగా ఉన్న రోజుల్లో, అమ్మ టీచరు ట్రైనింగుకు వెళ్ళింది. నన్ను చూసేవాళ్ళు లేక మూడేళ్ళ పిల్లను వెంటబెట్టుకుని బడికి పోయాడు. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని ఒకటో తరగతిలో చేర్చి, తన చేత్తోనే రిజిస్టరులో ఐదేళ్ళు నిండినట్టు, జూన్ ఒకటిన పుట్టినట్టు రాశాడు. మా ఊళ్ళలో అది తప్పు అని ఎవరూ అనుకోలేదు. సగం తరగతి జూన్ ఒకటినే పుట్టింది. నేను నిజంగా పుట్టింది ఉగాది వెళ్ళిన మూడో రోజు. ఆ రోజు ఇంట్లో పాయసం చేసేవారు, అంతవరకే దానికి గుర్తింపు.

అలా పరుగెత్తి డిగ్రీ కూడా ముందే ముగించుకుని, అప్పటికే కాలేజీ ఉద్యోగం మీద నిజ్వా చేరిన అమ్మానాయనల దగ్గరికి వచ్చాను. వచ్చీరాగానే డ్రైవింగు నేర్చుకున్నాను. డ్రమ్ముల మధ్యకు కారును వెనక్కి పోనిచ్చే పరీక్షలో మూడుసార్లు తప్పి, నాలుగోసారి నెగ్గాను. లైసెన్సు పట్టుకుని ఇంటికొచ్చి తాళం చెవికి చెయ్యి చాచితే, నాయన బీరువాలోంచి ఇన్సూరెన్సు పాలసీ తీశాడు. ఇరవై ఒకటి నిండనివాళ్ళు నడుపుతుంటే జరిగిన ప్రమాదానికి కంపెనీ బాధ్యత లేదని అందులో రాసి ఉంది.

“నాకు నిండినాయి గదా, పాస్‌పోర్టు చూడు” అన్నాను.

“నీకు నిండలేదని నాకు తెలుసు గదమ్మా” అన్నాడు.

ఆయన అంతటితో ఆగలేదు. నన్ను వెంటబెట్టుకుని ఇన్సూరెన్సు ఆఫీసుకు పోయాడు. అక్కడ గుమాస్తా మా కడప మనిషే, ఇంట్లో దక్కనీ మాట్లాడుకునే సాయిబు. నాయన గొంతు తగ్గించి, బడి రిజిస్టరు కథంతా ఆయనకు విన్నవించుకున్నాడు. ఆయన ఓపిగ్గా విని, టీ తెప్పించాడు.

“పాస్‌పోర్టులో ఉండేదే వయసు సార్. మా కంపెనీకి ఇంకో వయసు తెలీదు. పాలసీలో పాప పేరు రాసేసినా. పోయి నడుపుకోమనండి.”

నాకు ఆయన కాళ్ళకు మొక్కాలనిపించింది. నాయన మాత్రం టీ పూర్తిగా తాగకుండానే లేచాడు. ఇంటికొచ్చి తాళం చెవిని మళ్ళీ తన జేబులోనే వేసుకున్నాడు. అబద్ధం రాసేటప్పుడు లేని నీతి ఇప్పుడెక్కడినుంచి వచ్చిందని అడిగాను. చాలా పెద్ద మాట. నేను వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఒక రోజు పొద్దున నాయన లేచేసరికి కుడి కన్ను ఎర్రగా ఉబ్బి, చూపు మసకబారింది. ఊళ్ళో డాక్టరు చూసి, ఈ రోజే మస్కట్ పెద్దాసుపత్రికి పోకపోతే కన్ను దక్కదన్నాడు. తెలిసినవాళ్ళంతా డ్యూటీలో ఉన్నారు. టాక్సీ కోసం చాలాసేపు చూశాం. చివరికి అమ్మే, నాయన జేబులో చెయ్యి పెట్టి తాళం చెవి తీసి నా చేతిలో పెట్టింది.

“కాగితాల సంగతి తర్వాత మాట్లాడుకోండి. ముందు కన్ను” అంది.

అమ్మ వెనక కూర్చుంది. నాయన నా పక్కన, కంటికి తడిగుడ్డ అద్దుకుని. నూట ఇరవై దాటితే టింగుటింగుమని మొత్తుకునే కారది. ఆయన తొంభై దగ్గరే నన్ను మందలించడం మొదలుపెట్టాడు. దారిలో సమాయిల్ కొండల మధ్యకు వచ్చేసరికి నా చేతులు చెమటపట్టి స్టీరింగు జారుతోంది. నాకు నిజంగా భయం వేసింది. ఎవరికీ చెప్పలేదు.

ఆయనకు తెలిసినట్టుంది. మందలింపు ఆపి, మెల్లగా అన్నాడు.

“బడిలో ఏసిన రోజు నీకు పలక మోసే బలం గూడా లేదు. మధ్యాన్నానికి నా కుర్చీ కింద నిద్రపోతాంటివి. నీకంటే పెద్దపిల్లోళ్ళతో పరుగెత్తించినా. పది, ఇంటరు, డిగ్రీ, అన్నీ నీ వయసుకు ముందే. ఈ ఒక్కటన్నా నీ వయసుకు నిన్ను రానిద్దామనుకున్నా. అంతేమ్మా. ఇన్సూరెన్సోళ్ళది కాదు బాధ.”

నేను రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. తిప్పితే ఏడ్చేదాన్ని. “గేరు మార్చు” అన్నాడు, మార్చాను.

కన్ను పూర్తిగా పోలేదు, చూపు సగం మిగిలింది. డాక్టర్లు ఆయనను ఇక కారు నడపొద్దన్నారు. ఆ తర్వాత ఏడాదిన్నర నేనే నడిపాను. పొద్దున కాలేజీకి, సాయంత్రం ఇంటికి, శుక్రవారం కూరగాయల సంతకు. కానీ ఆయన పక్కన లేకుండా ఒక్క గజం కూడా పోనివ్వలేదు. నేను పాల పాకెట్ కోసం వెళ్ళాలన్నా చొక్కా వేసుకుని బయల్దేరేవాడు. ఒంటరిగా నడపాలని నాకు ఎంత కోరికగా ఉండేదో! ఆయనను మసీదు మలుపులో దించేసి తుర్రుమనాలనిపించేది.

ఉగాది వెళ్ళింది. మూడో రోజు అమ్మ పాయసం చేసింది. నాకు నిజంగా ఇరవై ఒకటి. నాయన ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టి, తాళం చెవి నాకిచ్చి, తలుపు తీసి పట్టుకున్నాడు. నేను పక్క సీటు మీది పుస్తకాలు తీసి ఆయనకు చోటు చేశాను.

“నేను రాను. ఈ రోజు నువ్వే పోయిరా” అన్నాడు.

నిమ్మకాయలు నలిగాయి. కారు కదిలింది. పక్క సీటు ఖాళీగా ఉంది, కిటికీలు తెరిచి ఉన్నాయి, ఇన్నాళ్ళు నేను కోరుకున్నది ఇదే. మలుపు దగ్గర అద్దంలోకి చూశాను. నాయన చూపు తగ్గిన కంటిని అరచేత్తో మూసుకుని, రెండో కంటితో నన్నే చూస్తూ నడిరోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

నేను మలుపు తిరగలేదు. డ్రమ్ముల మధ్యకు పోనిచ్చినట్టే కారును మెల్లగా ఇంటిదాకా వెనక్కి తెచ్చాను.

“ఎక్కు నాయనా” అన్నాను.