వాము కాస్త తక్కువైంది

శ్యాంబాబుకి కూడు పెట్టేది జిరాక్స్ మిషన్లే గానీ, అతన్ని ఊళ్ళు తిప్పేది మాత్రం అతని నోరు. బందరు ఈడేపల్లిలో ఇల్లు. గుడివాడ నుంచి నాగాయలంక దాకా తహసీల్దారు ఆఫీసుల్లో, కాలేజీల్లో, కోర్టుల పక్కన కొట్లలో ఎక్కడ మిషన్ మొరాయించినా ఇతనికే ఫోను వస్తుంది. పనిముట్ల సంచీ భుజాన తగిలించుకుని బస్సెక్కుతాడు. ఆ సంచీలో స్క్రూడ్రైవర్ల పక్కన ఒక స్టీలు డబ్బా ఉంటుంది. వెళ్ళేటప్పుడు అది ఖాళీగా వెళ్తుంది, వచ్చేటప్పుడు నిండుగా వస్తుంది.

గుడివాడ స్టేషను రోడ్డులో సాయంత్రం పూట ఏ బండి దగ్గర మిరపకాయ బజ్జీ తినాలో, అవనిగడ్డ బస్టాండు ఎదురుగా పునుగుల్లోకి అల్లం పచ్చడి ఎవరు బాగా చేస్తారో అతనికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. చలికాలం మోపిదేవి దగ్గర రోడ్డు పక్కన కట్టలు కట్టి తేగలు అమ్ముతుంటే బస్సు దిగి కొనుక్కుని, తర్వాతి బస్సు కోసం ఎండలో నిలబడ్డ రోజులున్నాయి. మొవ్వ నుంచి మిషన్ చెడిందని కబురొస్తే అతనికి ముందు గుర్తొచ్చేది మిషన్ కాదు, ఆఫీసు గేటు పక్కన పెద్దాయన ఇసకలో వేయించి ఇచ్చే వేరుశెనక్కాయలు. "నాన్న మిషన్ బాగుచెయ్యడానికెళ్ళి బజ్జీలు తిన్నాడా, బజ్జీలు తినడానికెళ్ళి మిషన్ బాగుచేశాడా?" అని కూతురు జెస్సీ ఆటపట్టించేది. ఆ పిల్ల ఇప్పుడు విజయవాడలో నర్సు.

కొత్త తినుబండారం ఏదైనా కంటపడిన రోజు శ్యాంబాబు నడకే వేరుగా ఉండేది. గుమ్మంలోంచే "రాహేలూ, ఇది చూడు" అని డబ్బా తీసేవాడు.

అతని భార్య రాహేలుది దివిసీమ, నాగాయలంక పక్క పల్లె. పెళ్ళయి బందరు వచ్చాక పెద్దగా ఎక్కడికీ వెళ్ళింది లేదు. మొగుడు తెచ్చే పొట్లాలే ఆమె చేసిన ప్రయాణాలు. పొట్లం ఇస్తే ముందు తినేది కాదు. ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు ఆగేది. "పిండిలో వెన్న వేశారండీ. నువ్వులు వేయించి కలిపారు" అనేది. ఆ తర్వాతే తినేది. ఆ వచ్చే శనివారం అదే వంటకం ఆమె పొయ్యి మీద ఉండేది. అలా గుడివాడ బజ్జీ, అవనిగడ్డ పునుగు, కోడూరులో ఎవరో పెళ్ళిలో పెట్టిన గవ్వలు, అన్నీ ఈడేపల్లి వచ్చి చేరాయి. అన్నిటికన్నా ఆమె చెగోడీలకు పేరు. బియ్యప్పిండి, నానిన పెసరపప్పు, నువ్వులు, వాము. నోట్లో వేసుకుంటే కరుకుమని విరిగి, తర్వాత వాము వాసన మెల్లగా పైకొచ్చేది.

ఇక్కడే శ్యాంబాబుకి ఒక జబ్బు ఉంది. మిషన్ బాగుచేశాక ఒక కాగితం తీసి, వెలుతురుకి పట్టి, ఎక్కడ గీత పడింది, ఏ మూల అక్షరం మసకబారింది అని చూడటం అతని పని. కాగితం బాగా వస్తోందని ఎవరూ మెకానిక్కుని పిలవరు కదా. ఆ చూపే ఇంటిదాకా వచ్చేసింది. రాహేలు పళ్ళెం ముందు పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడేది. అతను ఒకటి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "బాగుంది గానీ" అనేవాడు. పాకం కాస్త ముదిరింది. అవనిగడ్డ ఆవిడ అల్లం ఇంకొంచెం వేస్తుంది. నూనె ఇంకా కాగాల్సింది. ఆమె లోపలికెళ్ళి సరిచేసేది. ఒక్కోసారి మొత్తం తీసేసి మళ్ళీ మొదలుపెట్టేది. పాపం, అతను చెడ్డవాడు కాదు. తను చెప్పబట్టే ఆవిడ చెయ్యి తిరుగుతోందని మనసారా నమ్మాడు. వంక పెట్టడమే శ్రద్ధ అనుకునే మగాళ్ళు మన వైపు చాలామందే ఉన్నారు, వాళ్ళలో శ్యాంబాబు కాస్త మర్యాదస్థుడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఇద్దరూ మంచాన పడ్డారు. జ్వరాలు తగ్గాయి, లేచి తిరిగారు. రాహేలుకి మాత్రం వాసన పోయింది, మళ్ళీ రాలేదు. కొందరికి నెలల్లో వస్తుంది, కొందరికి రాదు, చూద్దామన్నాడు డాక్టరు. చూస్తూనే ఉన్నారు. ఉప్పు, కారం, తీపి, పులుపు నాలిక మీద తెలిసేవి. నెయ్యికీ నూనెకీ తేడా తెలిసేది కాదు. పోపు మాడితే పొగ కళ్ళకి తగిలితేనే తెలిసేది. శ్యాంబాబు అలవాటు కొద్దీ నాగాయలంక నుంచి రొయ్యల పకోడీ తెచ్చాడు. ఆమె కూడా అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుని, అలాగే కాసేపు ఉండి, "మీరు తినండి" అని పొట్లం వెనక్కిచ్చేసింది. అతను పెరట్లోకి వెళ్ళి కుళాయి దగ్గర నిలబడి ఏడ్చాడు.

అప్పటి నుంచి అతనికి బుద్ధొచ్చింది. ఆమె ఏం చేసి పెట్టినా "బాగుంది" అనడం మొదలుపెట్టాడు. గానీలు లేవు. నిజానికి చాలావరకు బాగానే ఉండేవి కూడా. చేతికున్న అలవాటు ముక్కుతో పాటు పోలేదు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా రాహేలు ముఖం చిన్నబోయేది. ఒకరోజు జంతికల పళ్ళెం తీస్తూ అననే అంది.

"జాలి పడి చెప్తున్నారు కదా."

"జాలేంటి? నిజంగా బాగున్నాయి."

"ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా బాగున్నాయని ఊరుకున్నారా మీరు? వాసన పోయాకేనా నా చేతికి అంత పనితనం వచ్చింది?"

ఆ తర్వాత ఆమె అన్నం, కూర వండటమే గానీ శనివారాల వంటలు మానేసింది. బాండీ అటక మీదకెక్కింది. శ్యాంబాబు సంచీలో డబ్బా కూడా ఖాళీగానే తిరిగి రావడం మొదలైంది. తెచ్చి ఎవరికి చూపించాలి?

వాళ్ళ చర్చిలో ఏటా కోత పండగ చేస్తారు. ఎవరి పంట, ఎవరి పెంపకం, ఎవరి చేతివంట వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక ఆవరణలో షామియానా కింద అవన్నీ వేలం వేస్తారు. గుమ్మడికాయలు, కోళ్ళు, అరటిగెలలు ఎన్ని ఉన్నా రాహేలు చెగోడీల డబ్బా ఎత్తేసరికి పాట వేడెక్కేది. రోగం తర్వాత రెండు పండగలకి ఆమె ఇవ్వలేదు. మూడో ఏడు స్త్రీల సమాజం నడిపే కృపాకుమారి స్వయంగా ఇంటికొచ్చింది.

"ఈసారి నీ డబ్బా లేకపోతే ఊరుకోను వదినా. అందరూ నన్నడుగుతున్నారు."

రాహేలు చాలాసేపు తటపటాయించింది. చివరికి సరేనంది. ఆవిడ వెళ్ళాక మొగుడి వైపు తిరిగింది.

"మీ నాలిక మీద భారం వేసి చేస్తున్నానండీ. నిజం చెప్పాలి. నలుగురిలో పాడైందంటే మాత్రం ఇక నేను ఎవరి కోసమూ పొయ్యి దగ్గరకి వెళ్ళను."

పండగ ముందురోజు పొద్దున్నే బాండీ అటక దిగింది. ఎసరు కాగింది, పిండి కలిసింది, కొన్ని చుట్టలు తయారయ్యాయి. రుచి చూపించడానికి ఒక్క వాయి మాత్రం వేయించి, పళ్ళెంలో తెచ్చి పెట్టి నిలబడింది. శ్యాంబాబు ఒకటి కొరికాడు. కరుకుమంది. వాము వాసన మెల్లగా, ఎంత రావాలో అంతే పైకొచ్చింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. మూడేళ్ళ కింద ఎలా ఉండేవో అచ్చం అలాగే ఉన్నాయి.

"రాహేలూ, చాలా బాగున్నాయి" అన్నాడు.

ఆమె ముఖంలో వెలుగు ఆరిపోయింది. పిండి గిన్నె మీద మూత పెట్టేసింది. "సరేలెండి. కుదర్లేదని కృపమ్మకి ఫోను చేసి చెప్తాను" అంటూ వంటింట్లోకి నడిచింది.

శ్యాంబాబు పళ్ళెం పక్కన పెట్టి లేచాడు. నిజం చెబితే నమ్మదు. నమ్మకపోతే చెయ్యదు. ఈసారి బాండీ అటకెక్కితే మళ్ళీ దిగదు. ఏదో ఒక వంక చెప్పాలి, నమ్మేలాంటిది చెప్పాలి. ఉప్పు అంటే దొరికిపోతాడు, ఉప్పు ఆమెకి తెలుస్తుంది.

"గానీ" అన్నాడు.

ఆమె ఆగింది.

"వాము కాస్త తక్కువైంది."

రాహేలు వెనక్కి తిరిగింది. ఎన్నాళ్ళకో ఆ ముఖంలో నవ్వు చూశాడు. "అట్టా చెప్పండి మరి. వాము దగ్గరే నాకూ అనుమానం. చెయ్యి ఎందుకో వెనకాడింది" అంటూ వాము డబ్బా అందుకుంది. ఆ నవ్వు చూసి, తను చెప్పింది అబద్ధమన్న సంగతి కూడా అతను మర్చిపోయాడు. చిటికెడు వేస్తుంది, చిటికెడుకి ఏమవుతుందిలే అనుకున్నాడు. అంతలో గుడివాడ నుంచి ఫోను. సంచీ తగిలించుకుని బయల్దేరాడు.

గుడివాడలో పని తొందరగానే తెమిలింది. మనసు తేలిగ్గా ఉండటంతో స్టేషను రోడ్డులో బజ్జీ బండి దగ్గర ఆగి కడుపారా తిన్నాడు. ఇంటికొచ్చేసరికి డబ్బా నిండా చెగోడీలు, పైన తెల్లగుడ్డ కట్టి ఉంది. రాహేలు ముడి విప్పబోయింది.

"ఒక్కటి చూడండి. మీరు చెప్పినట్టే వాము నూరి కలిపాను."

"కడుపు నిండా ఉంది. రేపు అందరితో పాటు తింటాలే" అన్నాడు శ్యాంబాబు.

ఆమె ముడి మళ్ళీ బిగించింది. తనకి తెలియని వాసన నలుగురికీ తెలియాలన్న ఆరాటంలో ఆ పిండిలో ఆమె పిడికెడు వాము నూరి పోసిందని అతనికి ఎలా తెలుస్తుంది? ఒక్కటి తిని ఉంటే తెలిసేది. మళ్ళీ చేసుకోవడానికి వాము కలపని పిండి అప్పటికింకా సగం గిన్నెలోనే ఉంది కూడా.

మర్నాడు ఆరాధన ముగిసింది. షామియానా కింద వేలం పాడించేది జీవరత్నం, పంచాయతీ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, నోరున్నవాడు. కోళ్ళు అమ్మాడు, గెలలు అమ్మాడు. చెగోడీల డబ్బా ఎత్తి, "రెండేళ్ళ కరువు తీరే రోజొచ్చిందండీ" అన్నాడు. అందరూ నవ్వారు. కృపాకుమారి గుడ్డ విప్పి ముందు వరసలో ఉన్నవాళ్ళకి తలా ఒకటి పంచింది.

జీవరత్నం కొరికాడు. నమలడం మెల్లగా ఆగిపోయింది. నీళ్ళ గ్లాసు కోసం చూశాడు. పక్కావిడ కొరికిన ముక్క గుప్పిట్లోనే దాచుకుంది. ఇంకొకాయన దగ్గినట్టు నటించి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. శ్యాంబాబు తన చేతిలోది నోట్లో పెట్టుకున్నాడు. వాము ఘాటు ముక్కులకెక్కింది, వెనకే చేదు. గొంతు మండింది. చప్పున తలెత్తి ఆడవాళ్ళ వైపు చూశాడు. రాహేలు స్తంభం పక్కన నిలబడి ఒక్కొక్కరి ముఖమే చూస్తోంది. ముఖాలు చదవడానికి ముక్కుతో పనేముంది.

"ఘాటుగా బాగున్నాయి వదినా, జలుబుకి మంచిది" అంది కృపాకుమారి. మంచి మనసుతోనే అంది.

శ్యాంబాబు చెయ్యెత్తి తనే పాట పాడాడు. ఏటా పోటీ పడే మనుషులు ఆరోజు ఒక్కరూ పై పాట పాడలేదు. జీవరత్నం గబగబా ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనేసి డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చాక రాహేలు డబ్బా బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. శ్యాంబాబు ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఇక దాచలేకపోయాడు.

"తప్పు నీది కాదు రాహేలూ. నిన్న పొద్దున వేసిన వాయి బ్రహ్మాండంగా ఉంది. వాము సరిగ్గా సరిపోయింది. నువ్వు మానేస్తావని భయమేసి అబద్ధం చెప్పాను."

ఆమె డబ్బా మీది గుడ్డని మడతలు పెడుతూ కూర్చుంది.

"అయితే ఇన్నేళ్ళుగా చెప్పినవీ ఇట్టాంటివేనా?"

"కాదు. కొన్ని నిజమే."

"ఏవి?"

శ్యాంబాబు ఆలోచించాడు. ముదిరిందన్న పాకం, కాగలేదన్న నూనె, తగ్గిందన్న అల్లం. ఏది నిజంగా నాలికకి తగిలి చెప్పాడో, ఏది ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడో అతనికే తెలియలేదు. పనిలోంచి అలిసి వచ్చి, బయట తినేసి వచ్చి, సరిగా నమలకుండానే అన్న రోజులు మాత్రం గుర్తొచ్చాయి.

"జెస్సీ పదో తరగతి పాసైన రోజు బూరెలు పొయ్యి మీదే ఉండగా ఒకటి తిని, పూర్ణం గట్టిగా ఉందన్నారు" అంది రాహేలు. "ఉన్నవన్నీ ఆవుకి పెట్టి మళ్ళీ చేశాను. చెయ్యి కాలింది. అది నిజమేనా?"

ఆ రోజు బాగా గుర్తుంది. అవనిగడ్డలో పునుగులు తిని వచ్చాడు. ఆకలి లేదు.

"బాగానే ఉన్నాయి" అన్నాడు, తల దించుకుని.

రాహేలు తలూపింది. ఎప్పటి నుంచో అనుమానమున్న సంగతి ఖాయమైనట్టు ఊపింది.

"నా నోటికీ బాగానే ఉన్నాయండీ ఆ రోజు. నా నోటికి చాలాసార్లు బాగానే ఉండేవి. నాలుగూళ్ళు తిరిగినవారు, నాకంటే మీకే తెలుసునని నా నాలిక మాట నేనెప్పుడూ వినలేదు. ఇప్పుడు విందామంటే అది మాట్లాడటం లేదు."

లేచి డబ్బా తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. చెగోడీలు గోడ పక్కన కోళ్ళకి చల్లుతుంటే శ్యాంబాబు గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఇన్ని ఊళ్ళు తిరిగి ఇన్ని రుచులు కనిపెట్టిన నాలికతో ఆమెకి చెప్పడానికి ఒక్క మాట కూడా దొరకలేదు.