లాకులో వేసిన ముడి

ఫ్రీవే మీద ఒక ట్రక్కు మా కారుని వెనకనుంచి గుద్దిన రోజు నుంచి నేను స్టీరింగ్ ముట్టలేదు. మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో కారు తీయని మనిషి బతుకు ఏం బతుకు చెప్పండి? కొత్తిమీర కట్టకి కూడా మా ఆయన మీటింగ్ అయ్యేదాకా కాచుక్కూర్చోవాలి. ఆ ఉక్రోషంలో ఉన్నదాన్ని వేసవిలో ఈరీ కాలువకి తీసుకెళ్ళారు. పడవ అద్దెకిస్తారట, మనమే నడుపుకోవాలట! నేను వంటకి మాత్రమే వస్తానని ముందే చెప్పేశాను.

కానీ ఆ కాలువ ఉంది చూశారూ, ఎంత నిదానం, ఎంత అందం! గట్టు మీద కుక్కని తిప్పుతున్న ముసలాయన మమ్మల్ని దాటేసి, చెయ్యూపి మరీ వెళ్ళిపోయాడు. రెండు పక్కలా మొక్కజొన్న చేలు. ఇళ్ళ పెరళ్ళలో ఆరేసిన దుప్పట్లు. ఒక ఊళ్ళో మేం వస్తున్నామని కార్లన్నీ ఆపేసి, వంతెన మొత్తం పైకెత్తారు. ఇద్దరు మనుషులకీ, ఒక పప్పు గిన్నెకీ అంత మర్యాద! నాకు నవ్వాగలేదు.

మధ్యాహ్నం లాకు వచ్చింది, అంటే పడవని రెండు గేట్ల మధ్య ఆపి, నీళ్ళు తగ్గించి కింది మట్టానికి దించే చోటు. మా గోదావరి కాలువల మీద లాకులు చూస్తూ పెరిగాను గాని, నీళ్ళతోపాటు అందులో కిందికి దిగడం ఇదే మొదలు. గేట్లు తీసే ఆవిడ ముందే చెప్పింది: తాడు చేత్తో పట్టుకుని వదులుతూ ఉండండి, కట్టెయ్యకండి అని. మా ఆయన బుద్ధిగా తలూపారు. అయితే ఇండియా వెళ్ళే అట్టపెట్టెలకి తాళ్ళు బిగించీ బిగించీ అదొక జబ్బయిపోయింది ఆయనకి. తాడు చేతికొస్తే ముడి పడాల్సిందే. వెనక తాడుని పడవకి గట్టిగా కట్టేసి, ఫొటోలు తీయడంలో పడ్డారు.

నీళ్ళు దిగాయి, పడవ వెనక భాగం దిగలేదు. లోపల గిన్నెలన్నీ దొర్లాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. నేను కేకలు పెడితే ఆవిడ నీళ్ళాపి, మళ్ళీ నింపితే గాని ముడి వదల్లేదు. ఈలోగా లాగీ లాగీ ఆయన అరచేతులు రెండూ తోలు లేచిపోయాయి. తిట్లన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి, ఆ చేతులు చూసి మింగేశాను. రెండోసారి తాళ్ళు రెండూ నేనే పట్టుకుని దించాను.

గేట్లు తెరుచుకున్నాయి. ఇప్పుడు పడవని బయటికి నడిపేదెవరు?

"నాకు భయమండీ," అన్నాను.

"తెలుసు. ఇక్కడ వెనకనుంచి గుద్దేవాళ్ళు లేరులే," అన్నారు.

చుక్కాని కర్ర పట్టుకున్నాను. కుడికి వెళ్ళాలంటే కర్రని ఎడమకి తొయ్యాలి. ఒకసారి గోడకి రాసుకుంది కూడా. అయినా నా మాట విని కదిలింది. ఏడుపొచ్చింది నాకు, సంతోషంతోనే. సాయంత్రం దాకా నేనే నడిపాను. ఆయన చెంచా కూడా పట్టుకోలేకపోతే, ఒక చేత్తో కర్ర పట్టుకుని రెండో చేత్తో పెరుగన్నం తినిపించాను.

పడవ అప్పగించాక పార్కింగ్‌లో చెయ్యి చాపాను. ఆయన తాళాలిచ్చి, అటు తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నారు. ఫ్రీవే ఎక్కలేదు. ఊళ్ళ మీదుగా, వెనక ఎవరు ఎంత హారన్ కొట్టినా, ఇంటిదాకా నేనే తెచ్చాను.