చన్నీళ్ల రొట్టె

మేం యూదులమంటే ఆదోనిలో చాలామందికి నమ్మకం కుదరదు. "చర్చికి పోతారు గదమ్మా మీరు" అంటారు. మా తాతలు పోయేవాళ్లు. ఇప్పుడు శనివారం పని మానుకుని ప్రార్థన చేసుకునేవాళ్లం ఇక్కడ మూడు కుటుంబాలం, ఎమ్మిగనూరులో నాలుగు. మందిరమంటూ లేదు. పండగలన్నీ మా అద్దె మిద్దెలోనో, ఎమ్మిగనూరులో పెద్దాయన ఇంట్లోనో జరుగుతాయి. ప్రార్థనలు చదివించేది ఆయనే.

ఆ ఏడు పస్కా పండగ మా ఇంట్లో పెట్టుకున్నాం. అందరికీ పులియని రొట్టెలు చేసే బాధ్యత మొదటిసారి నా మీద పడింది. నేనసలే కంగారు మనిషిని, గ్యాస్ ఆపానో లేదో అని వీధి చివరినుంచి వెనక్కొచ్చే రకం. ఐగుప్తులో బానిసలుగా ఉన్న మా పూర్వీకులు పిండి పులిసేదాకా ఆగకుండా బయల్దేరిపోయారు. ఆ గుర్తుగానే ఈ రొట్టె. గోధుమపిండి, నీళ్లు, అంతే, ఉప్పు కూడా వేయం. నీళ్లు ముందురోజే పట్టి చల్లగా ఉంచాలి. పిండి తడిసిన పద్దెనిమిది నిమిషాల్లో రొట్టె కాల్చడం అయిపోవాలి. ఆలస్యమైనా, నీళ్లు వెచ్చగా ఉన్నా అది పులిసినదాని కిందే లెక్క. తినకూడదు.

మా అత్త బస్టాండు దగ్గర ఏళ్ల తరబడి జొన్నరొట్టెలు చేసి అమ్మిన మనిషి. కొడుకు, అంటే మా ఆయన, మాట కాదనలేక ప్రార్థనకు వచ్చేది గానీ గడప దగ్గరే కూర్చునేది. ఏ పండగైనా "మీ పండగ" అనేది. ఆ మధ్యాహ్నం నేను నాలుగోసారి పెనం కడుగుతుంటే వచ్చి, "నేను సేస్తాలేమ్మా. నీ సేతులు వణుకుతాండాయి" అంది. తనంతట తాను అడగడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఫోన్లో టైము పెట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాను. రెండు పెనాల మీద ఆమె చేతులు ఆడుతూనే ఉన్నాయి. పదిహేడో నిమిషంలో ఆఖరి రొట్టె దిగింది. అప్పుడు చూశాను. కిటికీలో చన్నీళ్ల బిందెకు నేను కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది. పొయ్యి పక్కన గిన్నెలో మిగిలిన నీళ్లు ముట్టుకుంటే ఇంకా వేడిగా ఉన్నాయి.

జొన్నపిండిని కాగిన నీళ్లతో కలపకపోతే రొట్టె విరిగిపోతుంది. ఆమె చేతులకు తెలిసిన పద్ధతి అదే. టైము సంగతి పదిసార్లు చెప్పిన నేను, నీళ్ల సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఎవరూ చూడలేదు. ఎమ్మిగనూరు వాళ్లు అప్పటికే బస్సెక్కారు. చెప్పకపోతే ఏడు కుటుంబాల చేత తినకూడనిది తినిపించినదాన్నవుతాను. చెబితే, ఇన్నాళ్లకు ముందుకొచ్చిన మనిషి మళ్లీ రాదు. రెండుసార్లు బయటికి పోయి వచ్చాను. చివరికి చెప్పేశాను.

ఆమె రొట్టెల వైపు చూసింది. "అయితే పనికి రావా?"

"రావత్తా. తప్పు నాది. నేను సెప్పలేదు."

ఆమె రొట్టెలు గుడ్డలో మూటగట్టుకుని కిందింటి టైలరు వాళ్లకు ఇవ్వడానికి దిగిపోయింది. ఎంతసేపటికీ రాలేదు. నా కంగారు పుణ్యమా అని నాలుగు దోసిళ్ల పిండి ముందే విడిగా దాచిపెట్టాను. గిన్నెలు, పెనాలు మళ్లీ కడిగి ఆ పిండి ముందు కూర్చుంటే ఏడుపొచ్చింది. కలపడానికి ధైర్యం చాలలేదు.

"ఏడ్సింది సాలు" అన్న మాట వినబడింది. అత్త చీర కొంగు దోపుకుంటోంది. "ఆ సన్నీళ్లు ఇట్ల అందియ్యి. టైము సూడు."

చన్నీళ్ల పిండి ఆమె చేతికి లొంగలేదు. రొట్టెల అంచులన్నీ చీలిపోయాయి.

పొద్దు గుంకాక అందరం చాపల మీద కూర్చున్నాం. తలా అరచేతి ముక్క వచ్చింది. అందరికన్నా చిన్నవాళ్లు ప్రశ్న అడగడం ఆచారం. పెద్దాయన మనవరాలు ముక్క పైకెత్తి, "ఈ పొద్దు రొట్టె ఎందుకిట్లుంది?" అంది. ఆయన పుస్తకం తెరిచేలోపు గడప దగ్గరినుంచి మా అత్త గొంతు సవరించుకుంది. ఏమంటుందోనని అటు తిరిగాను.

"బయల్దేరే తొందరమ్మా. నీళ్లు కాగబెట్టుకునేంత టైము గూడా లేకపాయ మనకు."

పెద్దాయన పుస్తకం ఒళ్లో పెట్టుకుని, "అంతే అక్కా" అన్నాడు. నేను జరిగి నా చాప మీద చోటు చేశాను. ఆమె లేచి, లోపలికి వచ్చి కూర్చుంది.